ఏడో పట్టీకి నూనె లేదు

"కళ్లు మూసుకోండి సార్," అంది ఆ అమ్మాయి.

మూసుకున్నాను. నా భార్య పోయి నాలుగు నెలలైంది. అప్పటినుంచి ఎవరేం చెప్పినా చేస్తున్నాను. తినమంటే తింటున్నాను, సంతకం పెట్టమంటే పెడుతున్నాను. ఎదురు చెప్పాలంటే మనిషికి ఏదో ఒకటి కావాలని ఉండాలి. ఆ సరుకు నా దగ్గర అయిపోయింది.

నా రెండు చేతుల్లో చెరో ముక్క పెట్టింది. రెండూ నున్నగా, చల్లగా ఉన్నాయి.

"ఏది తోలు, ఏది రెక్సిన్?"

"కుడిచేతిలోది తోలు."

"కాదు. తొందరపడకండి. గుప్పిట్లో పెట్టుకుని పది లెక్కపెట్టండి."

లెక్కపెట్టాను. ఎడమచేతిలోది మెల్లగా నా ఒంటి వేడి పట్టుకుంది. కుడిచేతిలోది మొండిగా చల్లగానే ఉండి, చివరికి నా అరచేతికి చెమట పట్టించింది. కళ్లు తెరిచి చూస్తే రెండూ నల్లవే, రెండిటి మీదా ఒకేలాంటి సన్నటి గీతలు. కంటితో చూసి తేడా చెప్పమంటే నేను చచ్చినా చెప్పలేను.

అప్పటికి ఉదయం పదీ ఇరవై. మేం నిలబడింది వాళ్ల కుషన్ షాపులో, పాత కార్ల సీట్లు కుట్టే చోట. వాళ్ల నాన్నని అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. నిన్న మధ్యాహ్నం నుంచి ఆయన స్టేషన్‌లో ఉన్నాడు. పాత కార్లు సేకరించే ఒక పెద్దాయన తన షెడ్డులో, తన కారు పక్కనే, తలమీద సుత్తి దెబ్బతో చచ్చిపడి ఉన్నాడు. ఆ సుత్తి మేస్త్రి ఒళ్లో దొరికింది. ఈరోజు సాయంత్రం నాలుగింటికి ఆయన్ని మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి జైలు గుమ్మం ఎక్కితే మళ్లీ దిగడం అనుమానమే.

పొద్దున్న తొమ్మిదింటికి ఈ అమ్మాయి నా డిటెక్టివ్ ఆఫీసుకొచ్చి ఒకే ఒక్క మాట చెప్పింది. "మీరు సీట్లు చూడండి సార్. చాలు."

"మీ నాన్న చేశాడంటావా, చేయలేదంటావా?" అని అడిగాను.

"సీట్లు చూడండి," అంది మళ్లీ.

నా దగ్గరకొచ్చే కూతుళ్లు, భార్యలు మా వాడు చీమకి కూడా హాని చేయడని బల్లగుద్ది చెబుతారు. ఈమె ఏడవలేదు, ఒట్లు పెట్టుకోలేదు. నాలాగే ఎండిపోయిన మనిషి అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కొంచెం ప్రాణం హాయిగా అనిపించింది. ఏడ్చేవాళ్ల ఎదురుగా కూర్చోవడం ఈమధ్య నాకు చేతకావడం లేదు.

ఆమె ముప్పై ఏళ్ల మనిషి, పొట్టి. గంటసేపు ఒక్కొక్క ముక్కా తీసి నాకు పాఠం చెప్పింది. ముక్కని తిరగేసి చూడమంది. తోలుకి వెనక నూగు ఉంటుంది, రెక్సిన్‌కి వెనక గుడ్డ అంటించి ఉంటుంది. సీటుకి బిగించేశాక వెనక చూడలేం కాబట్టి బొటనవేలితో నొక్కమంది. తోలు మన చర్మంలాగే వేలి చుట్టూ ముడతలు పడుతుంది, రెక్సిన్ గుంటపడి ఊరుకుంటుంది.

"మరి వాసన?" అన్నాను.

"వాసన నమ్మకండి. ఏళ్ల తరబడి పక్కపక్కన ఉంటే రెక్సిన్‌కి కూడా తోలు వాసన వచ్చేస్తుంది. చాలామంది అక్కడే మోసపోతారు."

"పాత కార్లలో సీటు మొత్తం తోలేనా?"

"కాదు సార్. కూర్చునే చోటే తోలు. పక్కలు, వెనక భాగం, తలుపుల లోపలివైపు అట్టలు కంపెనీవాళ్లే రెక్సిన్ వేసి పంపేవాళ్లు. రంగు కలిపేసేవాళ్లు, అంతే. అది తెలియనివాళ్లు పక్కలు చూసి, ఎవరో తోలు కాజేశారంటారు."

"నిప్పు పెట్టి చూస్తారని విన్నాను."

ముక్కలు సర్దుతున్న ఆమె చెయ్యి ఆగింది.

"రెక్సిన్ కరిగి ముద్దవుతుంది. తోలు కమురుతుంది, వెంట్రుక కాలిన వాసన వస్తుంది," అంది. "అలా చూసేవాళ్లని మేం షాపులోకి రానివ్వం."

వచ్చేముందు కుట్టుమిషన్ వైపు చూశాను. దాని ముందున్న స్టూలు మీద రెండు దిండ్లు వేసి ఎత్తు చేశారు. గోడమీద ఫొటోలో మేస్త్రి తలుపు చట్రం దాటేంత పొడుగు. దిండ్ల సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. రెండు నల్లముక్కలు జేబులో వేసుకుని బయల్దేరాను.

*

షెడ్డు దగ్గరికి చేరేసరికి పన్నెండూ అయిదు. గుమ్మంలో మా బావమరిది కాళ్లు ఎడంగా పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఈ కేసు ఇన్‌స్పెక్టరు వాడే. నేను పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు నా చేతికింద పనిచేశాడు. ఇప్పుడు నా పేరు చెబితే వాడి ముక్కుపుటాలు అదురుతాయి.

"నువ్వొస్తావని తెలుసు బావా. ఓడిపోయే కేసులు నిన్ను వెతుక్కుంటూ వస్తాయి."

"నాలుగింటి దాకా ఇంకా ఓడిపోలేదుగా. లోపలికి రానిస్తావా, ఇక్కడే దండం పెట్టించుకుంటావా?"

పక్కకి తప్పుకున్నాడు. వాడికి నన్ను ఆపడం కంటే నేను బోల్తాపడటం చూడటం ఇష్టం.

ముందు వాచ్‌మన్‌ని పిలిచాను. భయానికి మాటకో గుటక వేస్తున్నాడు.

"మేస్త్రి ఎన్నింటికి వచ్చాడు?"

"తొమ్మిదింటికి సార్. పెద్దాయన కబురు పెట్టారు."

"చేతిలో ఏముంది?"

"సామాన్ల సంచి."

"ఇంకేం లేవా? బాగా గుర్తు తెచ్చుకో."

"సంచి ఒక్కటే సార్. నేనే పట్టుకుని లోపల పెట్టా."

"గొడవ ఎప్పుడు మొదలైంది?"

"ఒంటిగంటా యాభైకి. పెద్దాయన 'తోలు దొంగా' అని అరిచారు. నేను రెండింటికి భోజనానికి వెళ్లా. తిరిగొచ్చేసరికి రెండూ నలభై. పెద్దాయన కిందపడి ఉన్నారు. మేస్త్రి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్లో సుత్తి."

"లోపల అంత గొడవ జరుగుతుంటే భోజనానికి ఎలా పోయావయ్యా?"

"పెద్దాయన అరవడం రోజూ ఉండేదే సార్. అరుపులు తగ్గాక తిందామనుకుంటే నేను పస్తే."

తర్వాత బావమరిది నాకో కాగితం ఇచ్చాడు. సంఘటనాస్థలంలో పట్టుకున్న వస్తువుల జాబితా. సుత్తి ఒకటి. తడిగుడ్డలు రెండు, రక్తంతో. తోలు నూనె డబ్బా, సగం ఖాళీ. సిగరెట్ లైటరు, చనిపోయినవాడిది, సీటు కింద. మూడు గిన్నెల క్యారేజీ, మూత తీయనిది, మూడూ పదిహేనుకి ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది.

ఆ చివరి వాక్యం దగ్గర నా కళ్లు ఆగాయి. సంచి ఒక్కటే తెచ్చిన మనిషికి వెచ్చటి క్యారేజీ ఎక్కణ్నుంచి వచ్చింది? షెడ్డుకి వెనక సందులోకి ఒక తలుపు ఉంది, గడియ తీసే ఉంది. వాచ్‌మన్ ముందుగుమ్మం దగ్గర కాపలా కాస్తాడు, వెనకగుమ్మం వాడి లెక్కలోకి రాదు. నేను కాగితం మడిచి తిరిగి ఇచ్చేశాను. మా వాడు అది రాసినవాడే కానీ చదివినవాడు కాదు.

"నీ కేసేమిటో చెప్పు," అన్నాను.

"వాడు తోలు దొంగిలించాడు. ఈ కారుని పరీక్షించిన నిపుణుడు రాసిచ్చాడు. సీటు పక్కలన్నీ రెక్సిన్. అసలు తోలు తీసేసి రెక్సిన్ కుట్టేశారని. పెద్దాయన నిలదీశాడు, నలుగురికీ చెప్పి పరువు తీస్తానన్నాడు. యాభై ఏళ్ల పేరు పోతుందని వీడు సుత్తి ఎత్తాడు. అయిపోయింది."

"నిపుణుడు టార్చి తెచ్చుకున్నాడా, తెలివి కూడా తెచ్చుకున్నాడా?"

కారు ముందుసీటు ఒకటే పొడవు సీటు, కూర్చునే చోట నిలువుగా కుట్టిన పది పట్టీలు. సీటు పక్కభాగం కింది అంచు ఎత్తి మా వాడికి చూపించాను. తోలులో ఒకసారి సూది దిగితే ఆ రంధ్రం మళ్లీ పూడదు. పాత తోలు పక్క తీసేసి రెక్సిన్ కుట్టి ఉంటే పక్కపక్కన రెండు వరసల రంధ్రాలు ఉండాలి. ఇక్కడ ఉన్నది ఒకటే వరస. దారం కొత్తది, రంధ్రాలు పాతవి. రెక్సిన్ వెనక గుడ్డ మీద కంపెనీ ముద్ర సగం మాసి కనబడుతోంది.

"కారు పుట్టినప్పుడే ఈ పక్కలు రెక్సిన్‌వి. దొంగతనం లేదు. దొంగతనం లేకపోతే నీ కేసుకి కాళ్లు లేవు."

మా వాడు వంగి చాలాసేపు చూశాడు. మెడ ఎర్రబడింది. "సరే, దొంగతనం లేకపోయినా గొడవ ఉంది. సుత్తి ఉంది."

నేను టార్చిని పక్కవాటంగా పట్టుకుని సీటు మీదకి వెలుగు పారించాను. అక్కడే ఆగిపోవలసింది. కానీ చూడటం మొదలుపెడితే ఆపలేకపోవడం నా పాత రోగం.

సీటు మీద రక్తం పడింది, ఎవరో తడిగుడ్డతో తుడిచారు. ఆ సంగతి పోలీసులకీ తెలుసు. తుడిచాక ఎవరో నూనె రాశారు. తోలు తడిస్తే ఆరేలోపు నూనె పట్టించాలని, లేకపోతే బిరుసెక్కి పగులుతుందని ఉదయమే పాఠంలో విన్నాను. రెక్సిన్‌కి నూనె పెడితే జిడ్డు పట్టి అంటుకుంటుంది కాబట్టి పెట్టరు. ఆ నూనె పక్కల మీదకి ఒక్క చుక్క కూడా పోలేదు, కుట్టు దగ్గర ఆగిపోయింది. పట్టీలు నిగనిగలాడుతున్నాయి. ఒకటి తప్ప.

ఎడమనుంచి ఏడోది.

అది పొడిగా, చప్పగా ఉంది. దాని ముందు అంచున మినపగింజంత ముద్ద. కరిగి గడ్డకట్టింది. కళ్లు మూసుకుని బొటనవేలితో ఆరో పట్టీ నొక్కాను, ముడతలు పడింది. ఏడో పట్టీ నొక్కాను, గుంటపడి ఊరుకుంది. ఎనిమిదోది మళ్లీ ముడతలు పడింది.

"ఏం చేస్తున్నావు బావా, నాడి చూస్తున్నావా?"

"నువ్వూ చూడు."

వాడి వేలు పట్టుకుని వరసగా నొక్కించాను. మా వాడు మొండివాడే కానీ మొద్దు కాదు. ఏడో పట్టీ దగ్గర ముఖం మారింది.

"ఇది రెక్సిన్."

"అవును."

"రంగు చూస్తే పదీ ఒకటే. చేత్తో ముట్టుకుంటే తప్ప తెలీదు. నూనె రాసినవాడు ఇది తెలిసి వదిలేశాడు." వాడు మెల్లగా లేచి నిలబడ్డాడు. పెదవుల చివర నవ్వు మొదలైంది. "అంటే ఒక పట్టీ తోలు మింగిన సంగతి నిజమే. నెత్తుటి మరకలు తుడుస్తూ కూడా సీటు పాడవకూడదని నూనె రాసేవాడు ఎవడుంటాడు బావా? సీట్లు కుట్టేవాడు తప్ప! నిపుణుడు పక్కలు చూసి పొరబడ్డాడు, నువ్వు వచ్చి అసలు దొంగతనం పట్టిచ్చావు. నా పని నువ్వే చేసిపెట్టావు."

వాడన్నది అక్షరాలా నిజం. ముసలాయన్ని విడిపించడానికి వచ్చి, ముడి ఇంకాస్త బిగించాను. భయం వేయాలి, కనీసం సిగ్గు వేయాలి. ఏమీ వేయలేదు. నా వేళ్లకి అంటిన నూనె రుమాలుతో తుడుచుకున్నాను.

"ఇంటికి పో బావా," అన్నాడు వాడు కాస్త గొంతు తగ్గించి. "అక్క పోయినప్పట్నుంచి నువ్వు మనిషివి కాదు."

"మీ అక్క మాట ఇక్కడొద్దు."

"ఇంకెక్కడ? ఇంటికొస్తే తలుపు తీయవు. ఫోను చేస్తే ఎత్తవు. నీకొక్కడికే పోయిందా ఆమె?"

వాచ్‌మన్ తల దించుకుని నేల చూశాడు. మేమిద్దరం కారు వైపు చూశాం.

"మేస్త్రితో పది నిమిషాలు మాట్లాడనివ్వు, నీ ఎదురుగానే," అన్నాను చివరికి. "తర్వాత ఇంటికి పోతా."

*

స్టేషన్‌లో గడియారం రెండూ నలభై చూపిస్తోంది. మేస్త్రి లాకప్‌లో బల్లమీద కూర్చుని ఉన్నాడు. కూర్చున్నా ఎత్తుగానే ఉన్నాడు. నిన్నటినుంచి ఆయన నోట 'నేనే' అన్న మాట తప్ప ఇంకేమీ రాలేదట.

కానిస్టేబులు టీ తెచ్చాడు. గాజుగ్లాసు, నిండా పొగలు. పట్టుకోలేక తువ్వాలు చుట్టుకుని తెచ్చి, ఊచల సందుల్లోంచి అందించాడు. మేస్త్రి వట్టి వేళ్లతో అందుకున్నాడు. అందుకుని, తాగకుండా అలాగే పట్టుకున్నాడు. నేను లోపల్లోపల నలభై దాకా లెక్కపెట్టాను. ఆ చెయ్యి వణకలేదు, గ్లాసు చేతులు మారలేదు. మూడు వేళ్ల కొసల్లో పెద్ద పెద్ద బొబ్బలు.

"ఎలా కాలింది మేస్త్రిగారూ?"

"ఏది?" అన్నాడు. నా చూపు వెంబడే తన చెయ్యి చూసుకున్నాడు, పక్కవాడి చెయ్యి చూసినట్టు. వెంటనే గ్లాసు దించి చెయ్యి తొడకింద పెట్టుకున్నాడు.

నా జేబులో రెండు నల్లముక్కలూ ఉన్నాయి. వాటిని ఆయన చేతిలో పెట్టి ఏది తోలు అని అడగాలనే తెచ్చాను. బయటకి తీయలేదు. టీ గ్లాసు చెప్పాల్సింది చెప్పేసింది.

"సీటు తుడిచింది ఎవరు?"

"నేనే."

"నూనె రాసింది?"

"నేనే. తోలు కదా బాబూ. తడిపి వదిలేస్తే పాడైపోదూ?"

"ముందుసీటుకి పట్టీలెన్ని?"

"పది."

"పదింటికీ రాశారా?"

"పదింటికీ. పదీ తోలే." ఆయన గొంతులోకి మొదటిసారి ప్రాణం వచ్చింది. "ఏడోది ఎలుక కొరికేస్తే రెండేళ్ల కింద నేనే మార్చాను. దానికి జోడైన పాత తోలు కోసం వారం రోజులు తిరిగాను బాబూ. తెచ్చి, నా చేత్తో కోసి, నా చేత్తో కుట్టాను. రంగు ఎక్కడా తేడా రానివ్వలేదు. పెద్దాయనకి అదే చెప్పాను, వినిపించుకోలేదు. ఎవర్నైనా ముట్టుకుని చూడమనండి. ఏది కొత్తదో, ఏది పాతదో చెప్పలేరు."

ఆయన కళ్లలో గర్వం చూసి నేను తల తిప్పుకున్నాను. వెనక మా బావమరిది బూటు చప్పుడు ఆగిపోయింది.

బయట వసారాలోకి లాక్కెళ్లాడు నన్ను. "అబద్ధం ఆడుతున్నాడా?"

"ఆ ముఖం చూస్తే నీకేమనిపించింది?"

వాడు లాకప్ వైపు వెనక్కి తిరిగి చూశాడు.

"ఆయన వేళ్లకి స్పర్శ లేదు," అన్నాను. "రెండేళ్ల కిందే పోవడం మొదలైంది. దుకాణంలో తోలు చుట్టా, రెక్సిన్ చుట్టా పక్కపక్కన ఉండి ఉంటాయి. యాభై ఏళ్లుగా వేళ్లనే నమ్మిన మనిషి, తిరగేసి చూసి ఉండడు. తోలు అనుకుని రెక్సిన్ కోశాడు, కుట్టాడు. ఇప్పటికీ అది తోలేననుకుంటున్నాడు. నూనె రాసింది ఆయనే అయితే పదింటికీ రాసేవాడు."

"అయితే రాసిందెవరు?"

"ఇరవై నిమిషాలు టైమివ్వు. ఈలోగా డాక్టర్ని పిలిపించి ఆ బొబ్బల సంగతి కాగితం మీద పెట్టించు. నాలుగు దాటకముందే. లైటరు సీటు కింద ఎందుకు పడిందో కూడా ఆలోచించు."

వాడు గడియారం చూశాడు. మూడూ అయిదు. వాడి పెదవుల చివర ఇప్పుడు నవ్వు లేదు.

*

స్టేషన్ మెట్ల పక్కన సిమెంటు బల్లమీద ఆ అమ్మాయి కూర్చుని ఉంది. ఒంటిగంట నుంచీ అక్కడే ఉందట. నేను పక్కన కూర్చున్నాను. ఏమైందని ఆమె అడగలేదు. నేనే మొదలుపెట్టాను.

"స్టూలు మీద దిండ్లు నీకోసం. రెండేళ్లుగా కుడుతున్నది నువ్వే."

"నాన్న దగ్గరుండి చెబుతాడు," అంది. "చలికి వేళ్లు బిగుసుకుపోయాయంటాడు. ఎండాకాలంలో కూడా అదే అంటాడు. నేను సరే అంటాను."

"క్యారేజీ ఎన్నింటికి తీసుకెళ్లావు?"

"రెండూ పదికి. సందు తలుపులోంచి."

మిగతాదీ ఆమె దుకాణంలో సరుకు వివరాలు చెప్పే గొంతుతోనే చెప్పింది. ఎక్కడా గొంతు ఎత్తలేదు.

"పెద్దాయన సీటుమీద కూర్చుని ఏడో పట్టీకి లైటరు పెట్టి చూస్తున్నాడు. అది కరిగింది. 'ఇది తోలేనా?' అన్నాడు. నాన్న ముట్టుకుని 'తోలేనండీ' అన్నాడు. మళ్లీ ముట్టుకోమన్నాడు. మళ్లీ 'తోలే' అన్నాడు. అప్పుడు పెద్దాయనకి అర్థమైంది సార్. నాన్న చెయ్యి పట్టుకుని, లైటరు వెలిగించి, వేళ్లకింద పెట్టాడు. నాన్న చెయ్యి లాక్కోలేదు. కాలుతోందని తెలీదు కదా. ఆయన పగలబడి నవ్వుతున్నాడు. ఎందుకు నవ్వుతున్నాడో తెలీక నాన్న ఆయన ముఖంలోకి చూస్తున్నాడు. నాకు వెంట్రుక కాలిన వాసన వచ్చింది."

"సుత్తి?"

"సంచిలో పైనే ఉంది."

"తర్వాత?"

"తర్వాత నాకు సరిగ్గా గుర్తులేదు. నాన్న ఏదో అంటున్నాడు. నా చేతిలో గుడ్డ ఉంది. తర్వాత నూనె డబ్బా ఉంది. రోజూ చేసే పనే కదా."

"ఏడో పట్టీ వదిలేశావు."

"వదిలేశానా?" అంది. తన చేతులు తిప్పి చూసుకుంది. అంతసేపటిలో ఆమె ముఖంలో ఏదైనా కదిలింది అప్పుడే.

"నా దగ్గరికి ఎందుకొచ్చావు మరి? సీట్లు చూడమని, తోలేదో రెక్సిన్ ఏదో నేర్పించి మరీ పంపావు."

"నాన్న తనమీద ఒట్టు వేయించుకున్నాడు, నేను నోరు విప్పనని. రాత్రంతా ఆలోచించా. నేను చెబితే ఒట్టు తప్పినట్టు. ఎవరైనా కనిపెడితే తప్పినట్టు కాదు కదా." నావైపు తిరిగింది. "మీ గురించి చెప్పారు సార్. ఏదీ వదిలిపెట్టరని."

మూడూ ఇరవై అయింది. లోపల డాక్టరు వచ్చిన అలికిడి వినబడింది.

"సరే, కనిపెట్టాను," అన్నాను. "ఇప్పుడు లోపలికెళ్లి చెబుతాను. మీ నాన్నని ఇవాళే వదిలేస్తారు."

"ఏం చెబుతారు?"

"ఏడో పట్టీ సంగతి. అది రెక్సినని ఆయనకి తెలియదు, నూనె రాసినవాళ్లకి తెలుసు. ఆయన్ని విడిపించే సాక్ష్యం అదొక్కటే."

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పట్టుకి నా వేళ్లు నొప్పెట్టాయి. నాలుగు నెలల తర్వాత నాకు నొప్పి అన్నది తెలిసింది.

"వద్దు సార్. అది మాత్రం వద్దు. రెండేళ్లుగా దాచాను. ఆ పట్టీ మార్చేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో, కారు మా దగ్గరికి మళ్లీ వస్తే కదా. పెద్దాయన అబద్ధమాడాడనే నాన్న అనుకుంటున్నాడు. అలాగే అనుకోనివ్వండి. తన చేత్తో తనే రెక్సిన్ కుట్టానని తెలిస్తే ఆయన ఇంటికొచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే."

"అది చెప్పకుండా ఆయన్ని విడిపించే దారి నా దగ్గర లేదమ్మా."

"ఎవరి దగ్గరుంది?"

నా జవాబు కోసం ఆమె ఆగలేదు. చీరకొంగు సర్దుకుని లేచింది. మెట్లెక్కింది. నేను వెనకాలే నడిచాను.

లోపల మా బావమరిది బల్ల ముందు కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు. లాకప్ ఊచలు అక్కడికి పది అడుగుల దూరం. మేస్త్రి కూతుర్ని చూశాడు. బల్లమీంచి లేచాడు.

"నువ్వెందుకొచ్చావు? ఇంటికి పో," అన్నాడు. ఆమె తిరిగి చూడకపోయేసరికి గొంతు పెంచాడు. "ఒట్టు వేశావు. అమ్మా, నామీద ఒట్టు వేశావు!"

ఆమె బల్లముందు కుర్చీలో కూర్చుంది. చేతులు రెండూ బల్లమీద పెట్టుకుంది. మా వాడు ఒకసారి ఆమెకేసి, ఒకసారి నాకేసి చూసి కలం మూత తీశాడు.

"రాసుకోండి సార్," అంది ఆమె, పది అడుగుల దూరం వినబడేలా. "ముందు ఇది రాయండి. ఆ సీటులో పట్టీలు పది. పదీ అసలు తోలు. ఏడోది మా నాన్న మార్చాడు. అంత మంచి తోలు నేనెక్కడా చూడలేదు. పెద్దాయన కావాలని అబద్ధమాడాడు. ఆయన్ని కొట్టింది నేను."

ఊచల వెనక చప్పుడు ఆగిపోయింది.

మా బావమరిది కలం కాగితానికి తాకి ఆగింది. రెండు గంటల క్రితం ఆ ఏడో పట్టీని వాడు తన వేలితో నొక్కి చూశాడు. తలెత్తి నా కళ్లలోకి చూశాడు. వాళ్ల అక్క పోయాక మేమిద్దరం అలా ఒకరినొకరు చూసుకోవడం అదే మొదటిసారి.

"పదీ అసలు తోలు," అని పైకి చదువుతూ వాడు రాసుకున్నాడు.